బాధ్యత గల పర్యాటకమా? ముందు లెక్క చెప్పండి

"ప్రకృతిని ప్రేమించండి. గిరిజన సంస్కృతిని గౌరవించండి. బాధ్యతతో ప్రయాణించండి." ఈ మూడు వాక్యాలూ మా కరపత్రం మీద పచ్చటి అక్షరాల్లో ఉండేవి. రాసింది నేనే. రాసేటప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదు. ముగ్గురు స్నేహితురాళ్ళం కలిసి విశాఖపట్నంలో చిన్న ట్రావెల్స్ పెట్టుకున్నాం. ఒక గది, అద్దెకు తెచ్చుకునే రెండు వ్యాన్లు, ఇద్దరు గైడ్లు. అరకు, బొర్రా గుహలు, అనంతగిరి, లంబసింగి, ఇవీ మా దారులు. పెద్ద కంపెనీలు కొండల్ని పాడు చేస్తున్నాయనీ, మేం అలా చెయ్యమనీ మా నమ్మకం. మా వ్యానులో ప్లాస్టిక్ సీసా ఉండేది కాదు. రాగిచెంబులు ఉండేవి. అంతటితో మా బాధ్యత తీరిందనుకున్నాం.

2016లో ఒక శీతాకాలపు రాత్రి ఆ నమ్మకం పోయింది. ఒక ఆఫీసు బృందాన్ని అరకు తీసుకెళ్ళాం. ఘాట్‌రోడ్డులో లారీ ఆగిపోయి మూడు గంటలు ఆలస్యమైంది. ధింసా ఆడటానికి వచ్చిన ఆడవాళ్ళు గెస్ట్‌హౌస్ వరండాలో ఆ మూడు గంటలూ చలిలో కూర్చునే ఉన్నారు. మేం వెళ్ళాక లేచి ఆడారు. మా అతిథుల్లో ఒకాయన ఉత్సాహం పట్టలేక గొలుసు మధ్యలో దూరాడు. ధింసాలో ఆడవాళ్ళు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు కలుపుకుని గొలుసుగా ఆడతారు. ఆయన ఎడమపక్కనున్న పిల్ల నడుం వదల్లేదు. పిల్ల విదిలించుకుని బయటికి వచ్చేసింది. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. అదీ ఆటలో భాగమే అనుకున్నారు.

పొద్దున్నే ఆ బృందంలో పెద్దామె నా దగ్గరికొచ్చింది. కోపంగా లేదు. రెండే రెండు ప్రశ్నలు అడిగింది.

"మేడమ్, రాత్రి ఆటకి ఆయనకి మీరెంత ఇచ్చారు?"

"మా పిల్లని పట్టుకున్నాయన పేరేంటి?"

మొదటిదానికి నా దగ్గర సమాధానం ఉంది. మూడు వేలు ఇచ్చాం. ఇచ్చింది వాళ్ళను తీసుకొచ్చే మధ్యవర్తికి. పదహారు మంది ఆడవాళ్ళూ నలుగురు వాయిద్యగాళ్ళూ. వాళ్ళ చేతికొచ్చింది మనిషికి 80 రూపాయలు. అంటే మూడు వేలలో 1,600. మిగిలిన 1,400 ఎక్కడున్నాయో ఆమెకు ఆ పూటే తెలిసింది, నాకూ ఆ పూటే తెలిసింది. రెండో ప్రశ్నకు సమాధానం నా చేతిలోని జాబితాలోనే ఉంది. కానీ చెప్పలేదు. "పొరపాటైపోయిందమ్మా, మాట్లాడతాను" అన్నాను. ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన తర్వాతి ఏడాదికి కూడా మాకు బుకింగ్ ఇస్తానన్న మనిషి.

ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నల గురించి. 'బాధ్యతాయుత పర్యాటకం' అని బోర్డు పెట్టుకున్న చిన్న ట్రావెల్స్ వాళ్ళందర్నీ, ముందుగా నన్ను నేను, అడుగుతున్న ప్రశ్నలివి.

ప్లాస్టిక్ సీసా లెక్క అడగదు

బాధ్యతాయుత పర్యాటకం అనే మాట గాలిలోంచి ఊడిపడలేదు. 2002లో కేప్‌టౌన్‌లో జరిగిన సమావేశం దానికొక ప్రకటన తయారు చేసింది. పర్యాటకం ముందుగా అక్కడ బతికే మనుషులకు మంచి చెయ్యాలనీ, వచ్చేవాళ్ళ సంతోషం ఆ తర్వాతి మాటనీ దాని సారం. పర్యావరణంతో పాటు ఆర్థిక న్యాయం, సామాజిక న్యాయం కూడా అందులో ఉన్నాయి. 2007 నుంచి కేరళ ప్రభుత్వం కుమరకం వంటి నాలుగు చోట్ల దీన్ని ఆచరణలో పెట్టి చూసింది. 2017లో ప్రత్యేక మిషన్ కూడా ఏర్పాటు చేసింది.

మన దగ్గరికి వచ్చేసరికి ఆ మూడింటిలో రెండు రాలిపోయాయి. పర్యావరణం ఒక్కటే మిగిలింది. అదీ గుడ్డసంచి, వెదురు బ్రష్షు, మొక్క నాటి ఫోటో దిగడం దగ్గర ఆగిపోయింది. వంజంగి కొండమీద మేఘాలు చూడటానికి తెల్లవారకముందే వందలమంది ఎక్కి చెత్త పారేసి వస్తుంటే, ఆ చెత్త ఏరడం మంచి పనే. ఏరొద్దని ఎవరూ అనరు. అయితే చెత్త ఏరడం ఎందుకంత సులువుగా అలవాటైంది? ప్లాస్టిక్ సీసా మనల్ని లెక్క అడగదు. మూడు వేలలో నావెన్ని అని అడగదు. నా మీద చెయ్యి వేసినవాడి పేరు చెప్పమనదు. మాట్లాడని ప్రకృతి పట్ల బాధ్యతగా ఉండటానికి ఖర్చు తక్కువ. మాట్లాడే ఆడమనిషి పట్ల బాధ్యతగా ఉండాలంటే మన లాభంలోకి చెయ్యి పెట్టాల్సి వస్తుంది.

మొదటి ప్రశ్న: డబ్బు ఎక్కడికి పోయింది?

ఆ ప్రయాణం నుంచి తిరిగొచ్చాక ముగ్గురం రసీదులన్నీ ముందేసుకుని కూర్చున్నాం. డీజిల్, డ్రైవర్లు, గెస్ట్‌హౌస్, ప్రకటనలు, ఆఫీసు అద్దె, మా జీతాలు. వీటిలో చాలా భాగం విశాఖపట్నంలో పుట్టి విశాఖపట్నంలోనే ఆగిపోయింది. కొండెక్కిన డబ్బులో కూడా పెద్ద వాటా గది అద్దెకు పోయింది. గది ఎవరిది? బోర్డు మీద ఒక పేరు, డబ్బు తీసుకునేది ఇంకొకరు. మేం ఏనాడూ అడగలేదు.

అడగాల్సింది. ఎందుకంటే అది ఐదవ షెడ్యూలు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన 1/70 ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదు. ఈ చట్టాన్ని సుప్రీంకోర్టులో గట్టిగా నిలబెట్టిన పోరాటం ఎక్కడిదో కాదు, మేం ప్రతివారం అతిథుల్ని తీసుకెళ్ళే బొర్రా పంచాయతీ చుట్టుపక్కలదే. అక్కడ గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997 జూలై 11న తీర్పు వచ్చింది. ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో ఒక 'వ్యక్తి'యేననీ, షెడ్యూలు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ లీజుకివ్వడం చెల్లదనీ కోర్టు తేల్చింది. అక్కడ వ్యాపారం చేసేవాళ్ళు నికర లాభంలో కనీసం 20 శాతం నీళ్ళకూ బడులకూ ఆసుపత్రులకూ రోడ్లకూ శాశ్వత నిధిగా పెట్టాలని కూడా చెప్పింది.

అది గనుల కేసు కదా, పర్యాటకానికేం సంబంధం అని వకీళ్ళు వాదించవచ్చు. సరే, వాదించనివ్వండి. నేనడిగేది వేరు. కొండను తవ్వి అమ్ముకునేవాడు అయిదో వంతు ఇవ్వాలన్నప్పుడు, కొండను చూపించి అమ్ముకునేవాళ్ళం ఏమీ ఇవ్వనక్కర్లేదని ఏ మొహం పెట్టుకుని అంటాం? మా వ్యాను వెళ్ళే తారురోడ్డుకు కాస్త ఎగువన ఉన్న ఊళ్ళ నుంచి ఇప్పటికీ నిండు గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొస్తున్నారు. మా కరపత్రంలో ఆ కొండ ఫోటో ఉంది. డోలీ లేదు.

1/70 ఉండగా ఇన్ని రిసార్టులు, ఇన్ని టెంట్లు ఎలా లేచాయి? అందరికీ తెలిసిన రహస్యమే. బినామీ. ఇందులో ఆడవాళ్ళ పాత్ర గురించి మాత్రం తక్కువ మాట్లాడతాం. ఆదివాసీ స్త్రీని పెళ్ళి చేసుకునో, చేసుకుంటానని నమ్మించో, ఆమె పేరిట భూమి రాయించి తాను అనుభవించే మగవాళ్ళు ఏజెన్సీలో కొత్తకాదు. కాగితం మీద యజమానురాలు ఆమె. అదే ఇంట్లో గదులు ఊడ్చేదీ ఆమే. భూమిని కాపాడటానికి చేసిన చట్టం చుట్టూ తిరిగి వెళ్ళడానికి స్త్రీ శరీరాన్ని దారిగా వాడుకున్నారు. అలాంటి గది బుక్ చేసి, దానికి 'గిరిజన ఆతిథ్యం' అని పేరు పెట్టి అమ్మే చిన్న ట్రావెల్స్ ఆ మోసంలో భాగస్తులు. తెలియదనడం సమాధానం కాదు. తెలుసుకోకపోవడంలోనే మన లాభం ఉంది.

హోంస్టే అయితే న్యాయం జరుగుతుందని ఈమధ్య అందరూ అంటున్నారు. కొంత నిజమే. డబ్బు ఊరు దాకా వస్తుంది. కానీ ఇంట్లో ఎవరి చేతికి వస్తుంది? అతిథి వస్తున్నాడంటే నాలుగింటికి లేచేది ఆడమనిషి. గెడ్డ నుంచి రెండు బిందెలు ఎక్కువ తెచ్చేదీ, అంబలితో సరిపెట్టుకునే ఇంట్లో నాలుగు కూరలు వండేదీ, దుప్పట్లు ఉతికేదీ ఆమె. ఆ పనితోపాటు పొలం పని, కాఫీ తోట పని, పిల్లల పని ఏమీ తగ్గవు. ఫోనుకు వచ్చే డబ్బు మాత్రం ఇంటాయన ఖాతాలో పడుతుంది. ఇంటి చాకిరీకి జీతం లేదని మనం ఎన్నేళ్ళుగానో అంటున్నాం. ఇప్పుడు ఆ జీతంలేని చాకిరీకి ధర కట్టి ఊరికొచ్చేవాడికి అమ్ముతున్నాం. ధర వచ్చింది, జీతం మాత్రం రాలేదు.

రెండో ప్రశ్న: ఆయన పేరేంటి?

ధింసా పెళ్ళిళ్ళకూ, చైత్రంలో ఇటుకల పండక్కీ ఆడే ఆట. వేటలో, పంటలో, ఊరూ ఊరూ కలుసుకోవడంలో పుట్టింది. ఎప్పుడు ఆడాలో ఆడేవాళ్ళే నిర్ణయించుకునేవారు. ఇప్పుడు భోజనానికి ముందా తర్వాతా అన్నది మా టైమ్‌టేబుల్ నిర్ణయిస్తోంది. ఆట ఆడి డబ్బు తీసుకోవడం తప్పని నేననను. మన ఊళ్ళలో నాటకం ఆడినవాళ్ళూ హరికథ చెప్పినవాళ్ళూ డబ్బు తీసుకోలేదా? ఆదివాసీ స్త్రీ మాత్రం పవిత్రంగా, పేదగా, ఉచితంగా ఆడాలని కోరుకోవడం ఇంకోరకం అహంకారం. తప్పు ఎక్కడుందంటే, ఆమెకు కాదనే హక్కు లేకపోవడంలో ఉంది. ఎంతసేపు ఆడాలి, ఎవరు గొలుసులో చేరవచ్చు, ఎవరు ఫోటో తియ్యవచ్చు అన్నవి ఆమెను అడక్కుండానే తేలిపోవడంలో ఉంది. తమ సంప్రదాయాల్నీ సాంస్కృతిక గుర్తింపునూ కాపాడుకునే అధికారం గ్రామసభదేనని 1996 నాటి పీసా చట్టం చెబుతోంది. ఏ ట్రావెల్స్ అయినా ధింసా ప్యాకేజీ పెట్టేముందు ఏ గ్రామసభనైనా అడిగిందా? మేం అడగలేదు.

సమత తీర్పు వచ్చిన 33 రోజులకు, అదే 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు నుంచి విశాఖ తీర్పు వచ్చింది. విశాఖ అంటే మన పట్నం కాదు, రాజస్థాన్‌లోని మహిళా సంస్థ పేరు. బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైన భన్వరీదేవి కేసు వెనక మహిళా సంఘాలు నిలబడితే వచ్చిన తీర్పు అది. పనిచేసే చోట లైంగిక వేధింపు స్త్రీ ప్రాథమిక హక్కుల ఉల్లంఘన అని చెప్పింది. 2013లో చట్టమైంది. ఈ చట్టాన్ని చిన్న వ్యాపారాలవాళ్ళు చదవరు. పదిమందికి తక్కువ ఉంటే కమిటీ వెయ్యనక్కర్లేదట కదా అని ఊరుకుంటారు. మేమూ అలాగే ఊరుకున్నాం.

చట్టం చెప్పేది అది కాదు. పదిమంది కన్నా తక్కువ ఉన్నచోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినచోట, జిల్లాలో స్థానిక కమిటీ విచారించాలి. గ్రామీణ, గిరిజన ప్రాంతాల్లో ఫిర్యాదు తీసుకుని వారంలోగా ఆ కమిటీకి పంపే నోడల్ అధికారి ఉండాలి. పని మీద వెళ్ళిన చోటూ, యజమాని ఏర్పాటు చేసిన వాహనమూ పనిస్థలం కిందికే వస్తాయి. రోజుకూలీ అయినా, తాత్కాలికమైనా, ఏజెంటు ద్వారా వచ్చినా, ప్రధాన యజమానికి తెలిసినా తెలియకపోయినా ఆమె ఉద్యోగే. వేధించినవాడు ఉద్యోగి కానక్కర్లేదు. పనిస్థలానికి వచ్చే బయటివాళ్ళ నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యత. ఆమె కేసు పెట్టాలనుకుంటే సాయం చెయ్యడం కూడా అందులో ఉంది.

ఇప్పుడు ఆ రాత్రి వరండాను ఈ చట్టం దగ్గర పెట్టి చూడండి. ఆ వరండా పనిస్థలం. ఆ పిల్ల పనిచేస్తున్న మనిషి. ఏజెంటు వెనక దాక్కున్నా యజమానిని నేనే. ఆయన పేరు చెప్పడం నేను చేసే దయ కాదు, నా మీదున్న బాధ్యత. నా కరపత్రంలో పచ్చటి అక్షరాల్లో రాసుకున్న మాటకు అసలు అర్థం అదే.

బొర్రా కొండ మీద, అరకు వరండాలో ఈ రెండు తీర్పులూ కలుసుకుంటాయి. ఒకటి భూమి మీద హక్కు. రెండోది ఒంటి మీద హక్కు. ఈ రెండూ లేని పర్యాటకానికి ఎన్ని మొక్కలు నాటినా బాధ్యత అనే పేరు చెల్లదు.

సాకులు

"మేం చిన్నవాళ్ళం, మాకు ఇవన్నీ సాధ్యమా?" అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే సాకు ఇది. చిన్నవాళ్ళకే సాధ్యం. వందల బస్సులు నడిపేవాడికి ఆడే మనిషి మొహం తెలియదు. మాకు తెలుసు. ఇరవైమందికి ఇరవై సంతకాలు తీసుకుని చేతికి డబ్బివ్వడానికి పావుగంట పడుతుంది. గది కాగితం చూపించమనడానికి ఒక్క ఫోను చాలు. చిన్నతనం కష్టమే, కాదనను. అయితే మన కష్టాన్ని మనకంటే కింద ఉన్నదాని కూలిలోంచి తీర్చుకోవడం మాత్రం కష్టం కాదు, అలవాటు.

"మేం రాకపోతే ఆ 80 కూడా రాదు." వెట్టిచాకిరీ చేయించుకున్న దొరలు కూడా ఇదే అన్నారు. సమాన పనికి సమాన వేతనం అని రాజ్యాంగం 39వ అధికరణం రాసుకుంది. దాన్ని మన దయతో కొలవడం లేదు.

"అతిథులు ఊరుకోరు." నిజం. కొందరు ఊరుకోలేదు. మేం పద్ధతి మార్చుకున్నాక ప్యాకేజీ ధర పెరిగింది. గొలుసులోకి ఎవరూ వెళ్ళకూడదనీ, అడక్కుండా ఫోటో తియ్యకూడదనీ ముందే రాసిచ్చాం. మొదటి ఏడాది బుకింగులు సగానికి పడిపోయాయి. మా ముగ్గురిలో ఒకామె అప్పుల భయంతో తప్పుకుంది. ఆమెను తప్పుపట్టను, ఇంటి అద్దె కట్టాల్సింది ఆమే. ఇవాళ ఇద్దరమే నడుపుతున్నాం. గొప్పగా నడవడం లేదు. సిగ్గు లేకుండా మాత్రం నడుస్తోంది.

మన ఉద్యమంలోనే కొందరు అసలు పర్యాటకాన్నే ఆపేయమంటారు. వాళ్ళ కోపం నాకర్థమవుతుంది. కానీ కొత్తవలస నుంచి కిరండూల్‌కు ఇనుప ఖనిజం కోసం వేసిన రైలుమార్గంలో 2017 నుంచి అద్దాల బోగీ తిరుగుతోంది. జనం వస్తూనే ఉంటారు. ఆ వచ్చేదారిలో టీ కొట్టు పెట్టుకున్న ఆమెనూ, వెదురుబుట్టలు అమ్మే ఆమెనూ అడక్కుండా మనం ఆపేయమంటే, అదీ ఆమె తరఫున మనం తీసుకున్న నిర్ణయమే అవుతుంది. కుమరకంలో కుటుంబశ్రీ సంఘాల ఆడవాళ్ళు హోటళ్ళకు కూరగాయలు అమ్మే ఏర్పాటు జరిగింది. అది చిన్న విషయం కాదు. కూరగాయలు అమ్మినంత మాత్రాన హోటలు ఎక్కడ కట్టాలో చెప్పే హక్కు వచ్చేయదు. అయినా కొనేవాడితో సంఘంగా నిలబడి ధర మాట్లాడటం ఎలాగో అది చూపించింది. అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

మేం అడిగేవి

బాధ్యతాయుతం అన్న మాట వాడుకునే ప్రతి ట్రావెల్స్‌నూ ఈ అయిదూ అడుగుతున్నాం.

ఒకటి. ప్రయాణీకులు ఇచ్చిన ప్రతి వంద రూపాయల్లో ఆ ఊరికి ఎంత వెళ్ళింది, అందులో ఆడవాళ్ళ చేతికి ఎంత వెళ్ళిందో ఏడాదికోసారి ఆ ఊరి గ్రామసభలో చదివి వినిపించాలి. వాళ్ళకు తెలిసిన భాషలో.

రెండు. ఆడే, వండే, ఊడ్చే, దారి చూపే ప్రతి స్త్రీకి ఆమె పేరిటే డబ్బు ఇవ్వాలి. నిరీక్షించిన గంటలకు కూడా కూలి కట్టాలి.

మూడు. బస చేసే చోటు భూమి ఎవరిదో కాగితం చూడకుండా గది బుక్ చెయ్యకూడదు. కాగితం మీదున్న ఆమెతోనే నేరుగా మాట్లాడాలి.

నాలుగు. స్థానిక కమిటీ, మండలం నోడల్ అధికారి వివరాలు ప్రతి వ్యానులో, ప్రతి బసలో కనబడేలా పెట్టాలి. వేధించినవాడి పేరు దాచకూడదు.

అయిదు. కాదనే హక్కు ఒప్పందంలోనే రాయాలి. ఆ రోజు ఆడం అంటే ఆడరు. కారణం చెప్పనక్కర్లేదు. అడ్వాన్సు వెనక్కి ఇవ్వనక్కర్లేదు.

ఈ పత్రిక చదివే మనమూ కొండలకు వెళ్ళేవాళ్ళమే. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని, సంఘం సమావేశాల తర్వాత స్నేహితురాళ్ళతో కలిసి వెళుతుంటాం. ప్యాకేజీ ధర ఎంత తగ్గిస్తారని బేరమాడే నోటితోనే, ఎవరికెంత ఇస్తున్నారని కూడా అడగండి. సమాధానం చెప్పలేని ట్రావెల్స్ కరపత్రం ఎంత పచ్చగా ఉన్నా డబ్బు కట్టకండి. మాకైనా సరే.

ఆ పెద్దామెను ఆర్నెల్ల తర్వాత వెళ్ళి కలిశాను. ఆయన పేరు చెప్పాను. "అప్పుడు చెప్తే పనికొచ్చేది" అంది. ఫిర్యాదు చెయ్యడానికి చట్టం ఇచ్చే గడువు మూడు నెలలు, కారణం చూపితే ఇంకో మూడు నెలలు. రెండూ దాటిపోయాయి. ఆమె అన్నది నిజం. దాన్ని దిద్దే దారి ఇప్పుడు నా దగ్గర లేదు. ఇకముందు అడిగిన పొద్దునే జవాబు చెప్పే దారి మాత్రం ఉంది.